శిక్షణ అయిపోయింది, సంతకాలూ అయ్యాయి... మరి ల్యాబ్ ఎందుకు మారలేదు?

క్లుప్తంగా: యూనివర్సిటీ ల్యాబుల్లో భద్రతా శిక్షణ చాలావరకు ఒకపూట ఉపన్యాసంగానే మిగిలిపోతోంది. రేడియేషన్ పనికి ఉన్నట్టు రసాయనాల పనికి చట్టం పేరుపెట్టి నిలబెట్టిన బాధ్యుడు లేకపోవడం ఒక కారణం. సిలిండర్లు మోసేవాళ్ళు, గాజుసామాను కడిగేవాళ్ళు అసలు ఆ హాల్లో ఉండకపోవడం ఇంకొకటి. ఒడిశా సరిహద్దు జిల్లాల్లో వీటికి భాష, ఎండ, తుఫాను, ఆసుపత్రి దూరం కూడా తోడవుతాయి.

కొత్త బ్యాచ్ చేరిన నెలలో ఏ యూనివర్సిటీకి వెళ్ళినా దాదాపు ఇదే తంతు. సెమినార్ హాలు, ప్రొజెక్టరు, యాభై అరవై స్లైడ్లు, ఆ తర్వాత ఆరుబయట ట్రేలో మంటపెట్టి దాన్ని ఆర్పి చూపించే డెమో, గ్రూప్ ఫోటో, సమోసా, టీ, హాజరు పట్టీలో సంతకాలు. మర్నాటి నుంచి ల్యాబ్ ఎప్పట్లాగే నడుస్తుంది. గాగుల్స్ బీరువాలో ఉంటాయి, బీరువా తాళం ఎవరి దగ్గరుందో వెతకాలి.

సరిహద్దు పట్టీలో చదువుల సంస్థలు ఇప్పుడు తక్కువేం లేవు. బరంపురం యూనివర్సిటీ 1967 నాటిది, అదే ఊరి ఐసర్ (కేంద్ర సైన్సు విద్యా, పరిశోధనా సంస్థ) 2016లో వచ్చింది, కొరాపుట్ జిల్లాలో 2009 నాటి సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, పర్లాకిమిడిలోనూ గుణుపురంలోనూ ప్రైవేటు యూనివర్సిటీలు నడుస్తున్నాయి. వీటిల్లో శ్రీకాకుళం నుంచి వచ్చిన పిల్లలూ, ఒడిశాలోనే పుట్టి ఒడియా మీడియంలో పదో తరగతి చదివి ఇంట్లో మాత్రం తెలుగు మాట్లాడే పిల్లలూ ఒకే బెంచీ మీద టైట్రేషన్ చేస్తుంటారు. కింద చెప్పేది వీటిల్లో ఏ ఒక్క సంస్థ గురించీ కాదు. దేశంలో చాలా ల్యాబులకు ఉన్న జబ్బే ఇది, సరిహద్దులో అది ఇంకాస్త ముదురుతుంది, అంతే.

చట్టం ఎక్కడిదాకా వస్తుంది?

ఫ్యాక్టరీ సంగతి ముందు చూద్దాం. భోపాల్ దుర్ఘటన 1984 డిసెంబరులో జరిగింది, దాని తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి ప్రమాదకర ప్రక్రియల కోసం ప్రత్యేక అధ్యాయం చేర్చారు. కార్మికులకు ప్రమాదాల సమాచారం చెప్పి తీరాలి, యాజమాన్యమూ కార్మికులూ కలిసి కూర్చునే సేఫ్టీ కమిటీ ఉండాలి అన్నారు. వెయ్యిమంది, అంతకు మించి ఉన్న చోట సేఫ్టీ ఆఫీసరు ఉండాలన్న నియమం ఆ చట్టంలో అంతకు ముందే ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ ఆ వెయ్యిని ఐదు వందలకు, ప్రమాదకర ప్రక్రియలున్నచోట రెండు వందల యాభైకి దించింది. రాయగడ దగ్గర జేకేపూర్ పేపర్ మిల్లు గానీ దమన్‌జోడి అల్యూమినా రిఫైనరీ గానీ ఈ తరహా చట్టాల నీడలో నడిచేవే. ఇలాంటి పెద్ద పరిశ్రమల్లో కాంట్రాక్టు కూలీకి సేఫ్టీ ఇండక్షన్ అయితేగానీ గేటు పాసు ఇవ్వకపోవడం మామూలు పద్ధతి.

యూనివర్సిటీ ల్యాబ్ అయితే ఫ్యాక్టరీ కిందికి రాదు. అలాగని అక్కడ చట్టమే లేదనుకుంటే పొరపాటే, ముక్కలు ముక్కలుగా చాలానే ఉంది. రేడియోధార్మిక పదార్థం వాడాలంటే అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతి, శిక్షణ పొందిన రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరు, ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలవడానికి ఛాతీకి తగిలించుకునే డోసు బ్యాడ్జీ కావాలి. జన్యుమార్పిడి ప్రయోగాలకు 1989 నిబంధనల ప్రకారం సంస్థలో బయోసేఫ్టీ కమిటీ ఉండాల్సిందే. రక్తం, సూదులు, కల్చర్ ప్లేట్లు ఏ రంగు సంచిలో పడాలో 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు చెబుతాయి, గ్యాస్ సిలిండర్లకు వేరే నిబంధనలున్నాయి. కానీ మామూలు కెమిస్ట్రీ ల్యాబులో ఈథరు, నైట్రిక్ యాసిడ్, సోడియం ముక్కలు, సయనైడ్ సీసా ఒకే గదిలో ఉన్నప్పుడు ‘దీనికి ఈ మనిషి జవాబుదారీ’ అని రేడియేషన్ ఆఫీసరులా చట్టం నిలబెట్టిన మనిషి ఎవరూ లేరు. ఆ బాధ్యత హెచ్‌ఓడీ, గైడు, స్టోర్ కీపరు మధ్య చేతులు మారుతూ ఉంటుంది. రేడియేషన్ గది తలుపు మీద ఉన్నంత క్రమశిక్షణ పక్క గదిలో కనిపించదంటే ఆ రెండు గదుల్లో పనిచేసేవాళ్ళు వేరే జాతి మనుషులని కాదు, తనిఖీకి వచ్చేవాడు ఒక గదికే వస్తాడు.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో ల్యాబుల కోసమే 1990లో ప్రత్యేక ప్రమాణం తెచ్చారు, అయితే అది ఉద్యోగులకు వర్తిస్తుంది, విద్యార్థులకు కాదు. 2008 డిసెంబరు 29న లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ల్యాబులో గాలి తగిలితే అంటుకునే లిథియం సమ్మేళనాన్ని ప్లాస్టిక్ సిరంజిలోకి లాగుతుండగా పిస్టన్ ఊడివచ్చి మంటలు లేచాయి. కాలిపోయిన అమ్మాయికి 23 ఏళ్ళు, ల్యాబ్ కోటు లేదు, ఒంటిమీద సింథటిక్ స్వెటరు, 18 రోజులకు చనిపోయింది. ఆమె జీతం తీసుకునే ఉద్యోగి కాబట్టి కార్మిక భద్రతా విభాగం రంగంలోకి దిగింది, శిక్షణ ఇచ్చిన దాఖలా ఏదని అడిగింది, ప్రొఫెసరు మీద క్రిమినల్ కేసు దాకా వెళ్ళింది. అదే ఏ విద్యార్థికో జరిగి ఉంటే ఆ దారి అంత తేలిగ్గా తెరుచుకునేది కాదు. మన దగ్గర పీహెచ్‌డీ స్కాలరు స్థితి ఇంకా విచిత్రం. ఫెలోషిప్ తీసుకుంటాడు కానీ ఉద్యోగి కాడు, విద్యార్థే కానీ రాత్రి పదకొండుకి ల్యాబులో ఒంటరిగా పనిచేస్తుంటాడు, అప్పుడు ఆయనకు పర్యవేక్షణ అంటూ ఉండదు.

హాల్లో కనిపించనివాళ్ళు

శిక్షణకు ఎవరిని పిలుస్తారన్నది చూస్తే అసలు లోపం బయటపడుతుంది. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం పిల్లలు వస్తారు, కొత్త స్కాలర్లు వస్తారు. ల్యాబ్ అటెండరు రాడు, ఎందుకంటే హాల్లో కుర్చీలు వేసే పని, టీ పంచే పని ఆయనదే. సిలిండరును లారీ మీంచి దించి వరండాలో అంచుమీద దొర్లించుకుంటూ తెచ్చేది ఆయన, వాడేసిన సాల్వెంట్ డబ్బాను ఎక్కడో పారబోసేది ఆయన, ప్రాక్టికల్స్ అయ్యాక పిల్లలు బీకర్లో ఏం వదిలారో తెలియకుండానే సింకులో ఒంపి కడిగేది కూడా ఆయనే. పైగా ఇప్పుడు ఆ పని చాలాచోట్ల ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ మనిషి చేస్తున్నాడు, ఆర్నెల్లకు మనిషి మారతాడు.

ఈ గొలుసులో చివరి మనిషికి సమాచారం అందకపోతే ఏమవుతుందో ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారు చూపించింది. ఢిల్లీ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగంలో 1985 తర్వాత వాడకుండా పక్కన పెట్టేసిన గామా యంత్రాన్ని 2010 ఫిబ్రవరిలో పాత సామాను కింద వేలం వేశారు. లోపల రేడియోధార్మిక కోబాల్ట్-60 ఇంకా ఉంది. తుక్కు దుకాణాల్లో దాన్ని విడగొట్టారు, కూలీలు ఒక్కొక్కరే జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. కోబాల్ట్-60 అంటే తెలిసినవాళ్ళు ఆ విభాగం నిండా ఉంటారు, వాళ్ళకు తెలిసింది తుక్కు కొట్టు దాకా చేరలేదు, ఆ మాటకొస్తే వేలం ఫైలు దాకా కూడా చేరలేదు.

రేడియేషన్‌కు గుర్తుగా మూడు రెక్కల బొమ్మ ఉంటుంది, దాన్ని చూస్తే తెలియదా అనొచ్చు. చెప్పనివాళ్ళకు తెలియదు, అది ఫ్యాను రెక్కలా కనిపిస్తుంది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 11 దేశాల్లో జనానికి బొమ్మలు చూపించి పరీక్షించి, పుర్రె, పరుగెత్తే మనిషి ఉన్న అదనపు గుర్తును 2007లో తెచ్చింది. బొమ్మకు భాష అక్కర్లేదనే ధీమా ఎంత తప్పో దీన్నిబట్టి తెలుస్తుంది. రసాయన సీసాల మీద ఎర్ర అంచు డైమండ్‌లో వేసే తొమ్మిది గుర్తులదీ అదే కథ. వలయం మీద మంట ఉన్న బొమ్మకూ, వట్టి మంట బొమ్మకూ తేడా చెప్పమంటే ఎమ్మెస్సీ పిల్లలే తడబడతారు. మొదటిది తాను మండకపోయినా పక్కదాన్ని మండించే ఆక్సీకారిణి, రెండోది తానే మండేది. ఈ రెండిటినీ ఒకే అరలో పెట్టకూడదని చెప్పడానికే ఆ తేడా.

‘గ్యాస్’ అంటే ఎవరికి ఏం గుర్తొస్తుంది

భాష సమస్య అంటే చాలామంది స్లైడ్లను అనువాదం చేస్తే సరిపోతుందనుకుంటారు. అంతకంటే లోతుగా ఉంది. మనిషి శిక్షణకు ఖాళీ బుర్రతో రాడు, ఇంట్లో వీధిలో నేర్చుకున్న అర్థాలతో వస్తాడు.

‘గ్యాస్’ అనే మాటే తీసుకోండి. తెలుగింట్లో అయినా ఒడియా ఇంట్లో అయినా గ్యాస్ అంటే వంటగ్యాస్, లీకైతే గుప్పుమని వాసన వస్తుంది. ఆ వాసన దానికి సహజంగా వచ్చింది కాదు, లీకు పసిగట్టడానికే కంపెనీలు మెర్‌క్యాప్టాన్ కలుపుతాయి. కాబట్టి వాసన రావట్లేదంటే లీకు లేదనే నమ్మకం అందరిలో గట్టిగా పాతుకుపోయి ఉంటుంది. ల్యాబులో ఎర్ర సిలిండరులో ఉండే హైడ్రోజన్‌కి వాసన లేదు, గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య ఎంత కలిసినా అంటుకోగలదు. నైట్రోజన్‌కీ వాసన లేదు. లీటరు ద్రవ నైట్రోజన్ ఆవిరైతే సుమారు 700 లీటర్ల వాయువవుతుంది, తలుపులు మూసిన చిన్న గదిలో ఆక్సిజన్‌ని పక్కకు నెట్టేస్తుంది, మనిషికి ఊపిరాడట్లేదని కూడా తెలియకముందే స్పృహ పోతుంది. దాన్ని మోసుకెళ్ళే పాత్రతో పాటు లిఫ్టులో మనిషి ఎక్కకూడదనే నియమం అందుకే. ఇక సాల్ట్ అనాలిసిస్‌లో కిప్స్ ఉపకరణం నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌ది తిరకాసు వ్యవహారం. కుళ్ళిన గుడ్ల వాసన మొదట భరించలేం, మోతాదు 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో వంద వంతులు) ప్రాంతానికి చేరేసరికి ముక్కు మొద్దుబారి వాసన ఆగిపోతుంది, హమ్మయ్య పోయిందనుకుంటాం.

ట్యాంకర్ల మీద రాసే ‘ఇన్‌ఫ్లేమబుల్’ (తేలిగ్గా మండేది) ఇంకో ఉచ్చు. ఇంగ్లీషులో ‘ఇన్’ ముందు చేరితే ‘కానిది’ అనే అర్థం స్కూల్లో నేర్చుకున్న పిల్లాడు దాన్ని మండనిది అనుకుంటే తప్పు వాడిది కాదు. అలాగే ‘యాసిడ్’ అంటే బాత్రూమ్ కడిగేది. అది బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే క్లోరిన్ వస్తుందని స్లైడులో ఉండదు, ఎందుకంటే ఆ పని స్లైడు చూసేవాళ్ళు చేయరు. నీళ్ళు పోస్తే ఏ మంటైనా ఆరుతుందన్న నమ్మకం కూడా ఇలాంటిదే. సోడియం మంట మీద నీళ్ళు పోస్తే పేలుతుంది, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు కొట్టినా పని జరగదు, పొడి ఇసుక కావాలి. ల్యాబుల్లో ఎర్ర బకెట్లు వేలాడుతుంటాయి, వాటి ఇసుకలో చాలావాటికి అగ్గిపుల్లలు, పాన్ మరకలు ఉంటాయి.

అందుకని తెలుగు, ఒడియా, అవసరమైన చోట సవర, కువి మాట్లాడేవాళ్ళకు వాళ్ళ భాషలో చెప్పడం మొదటి మెట్టు మాత్రమే. ‘మీరు గ్యాస్ అంటే ఏమనుకుంటున్నారు’ అని ముందు అడిగి, అక్కడి నుంచి మొదలుపెట్టే శిక్షణ వేరుగా ఉంటుంది.

చదువుకున్నవాళ్ళకే జరిగినవి

అలాగని ప్రమాదాలన్నీ తెలియనితనం వల్లే జరుగుతాయనుకుంటే లెక్క కుదరదు. అమెరికాలో డార్ట్‌మౌత్ కాలేజీలో విషలోహాల మీదే పరిశోధించే ప్రొఫెసరు 1996 ఆగస్టులో ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిర్లను బయటికి లాగేసే అద్దాల గూడు), గ్లవ్స్ వేసుకునే, డైమిథైల్ మెర్క్యురీతో పనిచేస్తున్నారు. చేతి మీద చుక్కో రెండు చుక్కలో పడ్డాయి. ఆ రసాయనం లాటెక్స్ గ్లవ్ గుండా క్షణాల్లో దిగిపోతుందని అప్పటికి తెలియదు. పది నెలలకు ఆమె చనిపోయారు. ‘గ్లవ్స్ వేసుకోండి’ అనే స్లైడు ఎంత అసంపూర్ణమో దీంతో అర్థమవుతుంది, ఏ రసాయనానికి ఏ గ్లవ్ అన్నదే అసలు ప్రశ్న.

2010 జనవరిలో టెక్సాస్ టెక్ యూనివర్సిటీలో జరిగింది ఇంకో రకం. పేలుడు స్వభావం ఉన్న సమ్మేళనాన్ని 100 మిల్లీగ్రాములకు మించి చేయకూడదని నోటిమాటగా అనుకున్నారు, విద్యార్థులు పది గ్రాములు చేశారు, ఒకతను మూడు వేళ్ళు పోగొట్టుకున్నాడు. అంతకు ముందు చిన్న చిన్న ఘటనలు జరిగినా ఎక్కడా రాసి పెట్టలేదని దర్యాప్తులో తేలింది. మన బెంగళూరు ఐఐఎస్‌సీలో 2018 డిసెంబరు 5న సిలిండరు పేలి ఒక పరిశోధకుడు చనిపోయారు, ముగ్గురు గాయపడ్డారు. దేశంలోనే పేరున్న సంస్థ అది.

ఇక్కడ శిక్షణ పనిచేసే తీరు గురించి ఒక మాట. ఉపన్యాసం సమాచారాన్ని పెంచుతుంది. కానీ పది గ్రాములు చేసిన విద్యార్థికి కావలసింది సమాచారం కాదు, ‘మోతాదు పెంచుతున్నాను’ అని ఎవరికైనా చెప్పాల్సిన కాగితం, చెప్తే వినే మనిషి. తృటిలో తప్పిన ప్రమాదాన్ని రిజిస్టరులో రాస్తే గైడు తిడతాడనే భయం ఉన్నచోట ఎన్ని స్లైడ్లు చూపించినా రిజిస్టరు ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీ రిజిస్టరే రేపు కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందానికి ‘ప్రమాదాలు సున్నా’ అని చూపించడానికి పనికొస్తుంది!

మాన్యువల్ రాసిన ఊరిలో వానాకాలం లేదు

చలి దేశాల్లో రాసిన సూచనలు యథాతథంగా దిగుమతి అవుతుంటాయి. ‘గది ఉష్ణోగ్రతలో ఉంచండి’ అని సీసా మీద ఉంటుంది. అక్కడ గది అంటే 20, 25 డిగ్రీలు. డైఇథైల్ ఈథరు మరిగేది సుమారు 35 డిగ్రీల దగ్గర, రాయగడలోనో గుణుపురంలోనో మే నెల మధ్యాహ్నం కరెంటు పోయిన స్టోర్ రూమ్ ఆ గీత దాటడానికి ఎంతసేపు? దాన్ని మామూలు ఇంటి ఫ్రిజ్‌లో పెడితే ఇంకా ముప్పు, లోపలి లైటు, థర్మోస్టాట్ స్విచ్‌ల నిప్పురవ్వ చాలు.

‘మూసిన బూట్లు వేసుకోండి’ అంటుంది మాన్యువల్. మన దగ్గర ఇన్‌స్ట్రుమెంట్ రూమ్ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి వట్టి కాళ్ళతో లోపలికి వెళ్తారు, దుమ్ము రాకూడదని. గుడిలాగే. ఆ అలవాటు పరికరానికి మంచిదే, పగిలిన గాజుకీ ఒలికిన యాసిడ్‌కీ మాత్రం కాదు.

తుఫాను సంగతి అసలు ఏ విదేశీ స్లైడులోనూ ఉండదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను ముంచేసింది. రోజుల తరబడి కరెంటు లేకపోతే ఫ్యూమ్ హుడ్ ఆగుతుంది, చల్లగా ఉండాల్సినవి వేడెక్కుతాయి, విరిగిన కిటికీ గుండా నీళ్ళు సోడియం, కాల్షియం కార్బైడ్ ఉన్న అర దాకా వస్తాయి. రెండు మూడు రోజుల ముందే హెచ్చరిక వస్తుంది కాబట్టి, సిలిండర్లకు గొలుసు వేయడం, నీళ్ళు తగలకూడనివి పై అంతస్తుకి మార్చడం, రన్ చేస్తున్న రియాక్షన్లు ఆపడం ఒక పేజీ జాబితాగా రాసుకుంటే అక్టోబరుకు ముందు గంటసేపు రిహార్సల్ సరిపోతుంది.

పాత సీసాలు ఊరికే ఉండవు

ప్రభుత్వ నిధులతో కొన్న సీసాను పారేయాలంటే రైటాఫ్, అంటే లెక్కల్లోంచి కొట్టేసే అనుమతి, కావాలి. దానికి కమిటీ, కమిటీకి కోరం, ఆడిట్ అభ్యంతరం వస్తుందేమోనని స్టోర్ కీపరుకి టెన్షన్. ఈలోగా ముప్పై ఏళ్ళనాటి పిక్రిక్ యాసిడ్ నీరు ఇంకిపోయి పొడిగా మారుతుంది. తడిగా ఉన్నంతసేపు సాధువు, పొడిగా మారితే మూత తిప్పిన రాపిడికే పేలగలదు. తెరిచి వదిలేసిన ఈథరులో పేలే స్వభావమున్న పెరాక్సైడ్లు పేరుకుంటాయి. నిల్వ ఉన్న పదార్థం తనంతట తాను మారుతుందని విశాఖ 2020 మే 7న నేర్చుకుంది, లాక్‌డౌన్‌లో ట్యాంకులో నిలిచిపోయిన స్టైరీన్ వేడెక్కి ఆవిరి బయటికొచ్చి 12 మంది పోయారు. ల్యాబ్ బీరువా ఆ స్థాయిది కాదు, రసాయన సూత్రం మాత్రం దగ్గరిదే. సీసా వచ్చిన తేదీ, తెరిచిన తేదీ మూత మీద మార్కరుతో రాయడం పైసా ఖర్చులేని పని, దాన్ని నేర్పించడానికి హాలు అక్కర్లేదు, బీరువా ముందు నిలబడితే చాలు.

ఏం మారే వీలుంది

ఫ్యాక్టరీల్లో షిఫ్టు మొదట్లో పదినిమిషాలు నిలబడి మాట్లాడుకునే టూల్‌బాక్స్ టాక్ ఉంటుంది. ఏడాదికి ఒకసారి మూడు గంటల కంటే ప్రాక్టికల్‌కి ముందు పది నిమిషాలు ఎక్కువ పనిచేస్తాయి, ఎందుకంటే చెప్పింది అదే గంటలో చేతికొస్తుంది. ఫ్యూమ్ హుడ్ అంచున టిష్యూ పేపరు ముక్క పట్టుకుని లోపలికి లాగుతోందా లేదా అని పిల్లలతోనే చూపించొచ్చు. లాగకపోతే అది హుడ్ కాదు, అద్దాల బీరువా. దీనికి అడ్డంకి డబ్బు కంటే టైమ్‌టేబుల్, ఆ పది నిమిషాలు ఎవరి పీరియడ్ లోంచి తీయాలన్నది డిపార్ట్‌మెంట్ మీటింగులో తేలదు.

సరిహద్దు ఊళ్ళలో అన్నిటికంటే ముందు నేర్పాల్సింది మొదటి పదిహేను నిమిషాలు. పర్లాకిమిడి నుంచి బరంపురం మెడికల్ కాలేజీ వంద కిలోమీటర్లకు పైనే, రాయగడ, కొరాపుట్ ల నుంచి విశాఖ వెళ్ళాలంటే ఘాట్ రోడ్డు. కంట్లో క్షారం పడితే డాక్టరు చేయగలిగిన దానికంటే ఎక్కువ పని అక్కడున్న కొళాయి చేస్తుంది, ఆపకుండా పదిహేను నిమిషాలు కడిగితే. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడే ల్యాబులో ఆ యాసిడ్ గాయానికి పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ ముందే కొని పెట్టుకోవాలి, ప్రమాదం అయ్యాక మందుల షాపులో దొరుకుతుందన్న భరోసా లేదు. తలుపు మీద ఫోన్ నంబర్లు ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలో ఉండాలి. రాత్రి డ్యూటీ వాచ్‌మన్ కళ్ళజోడు లేకుండా చదవగలిగినంత పెద్ద అక్షరాల్లో.